జాబిలిలోని ‘జా’ను ఎలా పలకాలి?

గౌరవ సభ్యులకు నమస్కారం. మాది నల్లగొండ. మా తమ్ముడి మనుమరాలు ఉత్తరాషాఢ మూడో పాదంలో పుట్టింది కాబట్టి పేరు ‘జా’తో మొదలు కావాలని పంతులుగారు చెప్పారు. జాహ్నవి, జానకి, జాగృతి అని తలా ఒకటి చెబుతుండగా, పిల్ల తల్లి మాత్రం ‘జాబిలి’ అని పట్టుబట్టి పెట్టుకున్నది. గోరుముద్దలు తినిపించే ప్రతి ఇంట్లో వినిపించే మాటే అయినా, మనిషి పేరుగా మా చుట్టుపక్కల ఎవరికీ లేదు. చందమామ మగవాడు కదా, ఆడపిల్లకు ఆ పేరేమిటని మా పెద్దాయన గొణిగారు గానీ, ఆ మాట నిలవలేదు. అసలు చిక్కు బడిలో వేశాక వచ్చింది. అక్కడి టీచరమ్మ హాజరు పిలిచేటప్పుడు జానకిలోని ‘జా’తో పిలుస్తున్నది, ఇంట్లో మేము ‘ౙాబిలి’ అంటాము. మొన్న పిల్ల ఇంటికి వచ్చి, నాన్నమ్మ పలికేది తప్పని దిద్దింది కూడా. ఏది సరి? ఇంగ్లీషులో రాసేటప్పుడు మొదటి అక్షరం మార్చాలా?

జవాబు, పాలమూరు నుంచి:

నాన్నమ్మ పలికేదే సరి. తెలుగులో చ, జలకు రెండేసి ఉచ్చారణలున్నాయి. నాలుక నడుమను అంగిలికి ఆనించి పలికేది తాలవ్యం; నాలుక కొనను పైపండ్ల వెనుకకు తెచ్చి పలికేది దంత్యం. ఇ, ఈ, ఎ, ఏలతో కూడితే తాలవ్యమనీ, అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓ, ఔలతో కూడితే దంత్యమనీ చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే విడదీసి చెప్పారు. సంస్కృతపదాలకు ఈ నియమం లేదు, వాటిలో తాలవ్యమే. జానకి, జాహ్నవి సంస్కృతం. జాబిలి, జాబిల్లి అచ్చ తెలుగు. పంతులుగారి పంచాంగానికి రెండూ ఒకే ‘జా’ కావచ్చు గానీ, నోటికి కావు.

దీనికి వ్యాకరణం దాకా పోనక్కర లేదు. హైదరాబాదు నుంచి మీ వైపు వచ్చే బస్సులో కండక్టరు కేక వింటే చాలు: చౌటుప్పల్‌లో దంత్యం, కొంత దూరం పోగానే చిట్యాలలో తాలవ్యం. మా దిక్కు జడ్చర్ల, జోగులాంబ రెండూ దంత్యాలే. ఉర్దూ మాటలు సైతం మన నోట పడ్డాక ఈ కట్టుబాటులోకే వచ్చాయి. ఉర్దూలో జరా, జిలా అనే రెండు మాటల మొదటి ధ్వని ఒకటే అయినా, మనం ‘జర ఆగు’ అన్నప్పుడు దంత్యమూ ‘జిల్లా’ అన్నప్పుడు తాలవ్యమూ పలుకుతాము. ముసలితనమనే అర్థంలో సంస్కృతపు ‘జర’ను చదివేటప్పుడు మళ్లీ తాలవ్యమే.

జంగయ్య అనే పేరును మన ఊళ్లలో ఎవరూ తప్పు పలకరు, ఎందుకంటే దాన్ని చెవితో నేర్చుకున్నారే తప్ప ఇంగ్లీషు అక్షరాల్లో చూసి చదవలేదు. మీ పాపకు వచ్చిన కష్టమంతా హాజరుపట్టీ ఇంగ్లీషులో ఉండడం వల్లనే. అయినా ‘జె’ అక్షరాన్నే ఉంచండి. ‘డీజెడ్’ పెడితే పాస్‌పోర్టు దాకా ప్రతిచోటా విడమరచి చెప్పుకోవాలి; ఒట్టి ‘జెడ్’ పెడితే జీబ్రా ధ్వని వస్తుంది, అది మనది కాదు. దంత్య ౙ 2008లో యూనికోడ్‌లో చేరింది కాబట్టి ఫోనులో రాసుకునే వీలుంది గానీ, జనన ధ్రువపత్రంలో అదే పెట్టమని నేను చెప్పను. జడకు, జొన్నలకు పెట్టని గుర్తు ఒక్క పిల్ల పేరుకే ఎందుకు?

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలు. టీచరమ్మ రోజూ చౌటుప్పల్ నుంచే వస్తుందట. నిన్న సాయంత్రం గేటు దగ్గర కనబడితే మా కోడలు దంత్యం, తాలవ్యం జోలికి పోకుండా, “మేడమ్, మీ ఊరి పేరు ఒకసారి చెప్పండి” అని అడిగి, “ఆ ‘చౌ’ ఎట్లనో మా పాప ‘జా’ అట్లనే” అన్నదట. ఆమె అక్కడే రెండు సార్లు పలికి చూసుకున్నదట.