పలకల్ని కదిలించేది కింది ప్రవాహమా, మునిగే అంచు బరువా?

కడప_మాస్టారు:
చాలా పాఠ్యపుస్తకాల్లో ఒకే బొమ్మ ఉంటుంది. అడుగున భూకేంద్రం పొయ్యిలా మండుతుంటుంది, పైపెంకుకూ కేంద్రానికీ మధ్యనున్న మందపాటి రాతి పొర, అంటే భూప్రావారంలో రాయి వేడెక్కి పైకి లేచి రెండు పక్కలకూ మళ్ళుతుంది, దాని మీద భూమి పైపెంకు ముక్కలైన పలకలు తెప్పల్లా కొట్టుకుపోతుంటాయి. ఈ బొమ్మ తప్పనీ, పలకల్ని లాగేది సముద్రపు అగాధాల దగ్గర కిందికి దిగే అంచు బరువేననీ ఈమధ్య గట్టిగా వాదిస్తున్నారు. నేను ఒప్పుకోను. 1912లో జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ ఖండాలు జరిగాయన్నాడు గానీ జరిపే బలమేదో చూపలేకపోయాడు. ఆ లోటు పూడ్చింది బ్రిటిష్ భూవిజ్ఞాని ఆర్థర్ హోమ్స్. 1928 నుంచి ఆయన చెబుతూ వచ్చింది సంవహన ప్రవాహాల గురించే, అంటే వేడెక్కింది లేచి, చల్లారింది దిగే తిరుగుడు గురించే. సంవహనమే లేకపోతే ఏ పలకా కదలదు కదా! బొమ్మ తప్పంటే లెక్కతో చూపండి.

నల్లరేగడి:
సంవహనం ఉందా లేదా అన్నదాంట్లో పేచీ లేదు మాస్టారూ. ముందు ఆ లెక్క ఇక్కడ పెట్టేస్తాను. చాలామంది దీన్ని చేయబోయి ఒకేచోట బోల్తా పడతారు.

చూడాల్సింది రేలీ సంఖ్య, ఒక పొరలో సంవహనం మొదలవుతుందా లేదా అని చెప్పే అంకె. సాంద్రత, గురుత్వ త్వరణం, ఉష్ణ వ్యాకోచ గుణకం, ఉష్ణోగ్రతల తేడా, పొర మందం ఘనం, ఈ ఐదూ గుణించాలి. వచ్చినదాన్ని ఉష్ణ విసరణ గుణకం, స్నిగ్ధత (జిగట)ల లబ్ధంతో భాగించాలి. భూప్రావారానికి వరసగా ఘనపు మీటరుకు 4,000 కిలోలు, 10, 0.000025, 2,500 డిగ్రీలు, 29 లక్షల మీటర్లు. పైన 6 × 10²² వస్తుంది. కింద విసరణ గుణకం 10⁻⁶, స్నిగ్ధత 10²¹ పాస్కల్ సెకన్లు, కలిపి 10¹⁵. భాగిస్తే 6 కోట్లు. పొర తిరగడం మొదలవడానికి సుమారు వెయ్యి చాలు. స్నిగ్ధత పదింతలు వేసుకున్నా 60 లక్షలు మిగులుతుంది.

బోల్తా పడేది మందం దగ్గర. 2,900 అని కిలోమీటర్లలోనే వేసేస్తారు. ఘనం కాబట్టి జవాబు వంద కోట్ల రెట్లు పడిపోయి 0.06 వస్తుంది, సంవహనం అసాధ్యమని తేలుతుంది. రెండోది ఉష్ణోగ్రత. కేంద్రం అంచు దగ్గర సుమారు 4,000 డిగ్రీలు ఉంది కదా అని మొత్తం వేయకూడదు. ఒత్తిడికి నలిగి రాయి తనంతట తాను వేడెక్కే భాగం తీసేయాలి, ఆ వేడి రాయిని పైకి లేపదు. అందుకే 2,500.

ఉష్ణవహనం ఒక్కటే దిక్కయితే? మందం వర్గాన్ని విసరణ గుణకంతో భాగించండి. వేడి బయటపడడానికి 27,000 కోట్ల సంవత్సరాలు పడుతుంది. భూమి వయసు 454 కోట్లు.

భూప్రావారాన్ని ద్రవం అనుకోవడం కూడా మానాలి. ద్రవంలో సాగలేని ఎస్ రకం భూకంప తరంగాలు దాని అడుగు దాకా వెళ్తున్నాయి. అది గట్టి రాయే, ఏటా కొన్ని సెంటీమీటర్ల చొప్పున పాకుతుంది. 10²¹ అన్న అంకె కూడా కొలతల్లోంచి వచ్చిందే. మంచు యుగపు బరువు తొలగాక స్కాండినేవియా నేల పైకి లేస్తున్న తీరు చూసి 1935లో హాస్కెల్ లెక్కగట్టాడు. బోత్నియా సింధుశాఖ దగ్గర ఆ నేల ఇప్పటికీ ఏటా దాదాపు సెంటీమీటరు లేస్తోంది.

అగాధరేఖ:
ఇక బలాల సంగతి. దిగే పలక చుట్టూ ఉన్న రాయికంటే సగటున 600 డిగ్రీలు చల్లగా ఉందనుకోండి. 3,300 × 0.00003 × 600, అంటే ఘనపు మీటరుకు 60 కిలోలు ఎక్కువ బరువు. 100 కి.మీ. మందంతో 700 కి.మీ. లోపలికి దిగితే, అగాధం వెంబడి ప్రతి మీటరుకూ 4 × 10¹³ న్యూటన్ల లాగుడు. సముద్ర మధ్య శిఖరాల (పలకలు విడిపోయే చోట సముద్రం అడుగున ఉండే కొండల వరసల) ఎత్తు వల్ల పుట్టే తోపుడు 3 × 10¹² దగ్గరే ఆగుతుంది. పదింతల తేడా. లాగుడులో చాలా భాగం పలక వంగడానికీ, జిగట రాయిని తోసుకుంటూ దిగడానికీ ఖర్చయిపోతుందన్న మాట నిజమే, ఆ ఖర్చు తీసేయకుండా 4 × 10¹³ మొత్తం పలక మీద వేసేవాళ్ళ లెక్కలు నమ్మకండి. అయినా మిగిలేది చిన్నదేం కాదు.

దండెం మీద పట్టుచీర ఒక పక్కకి ఎక్కువ వేలాడితే ఎవరూ ముట్టుకోకుండానే మొత్తం జారిపోతుంది. కింద గాలి తోయలేదు, వేలాడే కొంగు లాగింది. 1975లో ఫోర్సిత్, ఉయేదా పలకల వేగాలన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. కింది ప్రవాహం మోస్తుంటే పెద్ద విస్తీర్ణం ఉన్న పలకకు పట్టు ఎక్కువ దొరికి వేగంగా కదలాలి. అలాంటి సంబంధమే లేదు. వేగం కుదిరింది మునిగే అంచు పొడవుతో. పసిఫిక్, నాజ్కా, కోకోస్ ఏటా 6 నుంచి 10 సెంటీమీటర్లు. మునిగే అంచు పెద్దగా లేని యురేషియా, ఆఫ్రికా, ఉత్తర అమెరికా 1 నుంచి 3.

నన్ను అన్నిటికంటే ఒప్పించేది అంటార్కిటికా పలక. దాని చుట్టూ దాదాపు అన్ని వైపులా శిఖరాలే. పలక పెరుగుతోంది కాబట్టి ఆ శిఖరాలు దూరంగా జరగక తప్పదు. ప్రతి శిఖరం కిందా లోతు నుంచి లేచే వేడి సుడి ఒకటి పాతుకుపోయి ఉంటే అవి ఎలా జరుగుతాయి? పైన చీలిక పడితే ఖాళీ పూడ్చడానికి రాయి లేస్తోంది, అంతే. భూకంప తరంగాల చిత్రాల్లోనూ చాలా శిఖరాల కింద వేడి ఛాయ పై 200 కి.మీ. దాటి పెద్దగా కనపడదు.

కడప_మాస్టారు:
అంచు ఎందుకు మునుగుతోంది? చల్లబడి బరువెక్కడం వల్ల. బరువైంది దిగడం, తేలికైంది లేవడం సంవహనమే కదా! పేరు మార్చి నా మాటే చెబుతున్నారు.

నల్లరేగడి:
ఆ మాటలో మీరు నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. పలక అంటే సంవహన వ్యవస్థ తాలూకు చల్లటి పైపొర. ప్రవాహం ఒకటీ, దాని మీద తేలే తెప్ప మరొకటీ కావు. "సంవహనమా, స్లాబ్ (మునిగే పలక) లాగుడా" అన్న ప్రశ్నే తప్పు. తప్పంతా మీ బొమ్మలోని పొయ్యిది.

భూమి మొత్తంగా సుమారు 46 టెరావాట్ల (టెరావాట్ అంటే లక్ష కోట్ల వాట్లు) వేడి వదులుతోంది. యురేనియం, థోరియం, పొటాషియం క్షయం వల్ల పుట్టేది ఇందులో సుమారు 20. కేంద్రం నుంచి భూప్రావారంలోకి ఎక్కేది 5 నుంచి 15 మధ్య. అంటే ఎక్కువ భాగం రాయి లోపలే పుడుతోంది, లేదా రాయి చల్లారడం వల్ల వస్తోంది. పొయ్యి మీది గిన్నె కంటే, లోపల్లోపలే కాగుతూ పైన మాత్రమే చల్లారే పెంటకుప్పకు దగ్గర పోలిక. ఇలాంటి పొరలో బలమైన కదలిక పై నుంచి మునిగే చల్లటి రాతిదే. లేచేది మిగతా అంతటా మెల్లగా, పరుచుకుని లేస్తుంది.

గోదావరి_రాయి:
అంతా మునిగే అంచే అంటే భారత పలకను ఏం చేస్తారు? హిమాలయాల కింద దాని సముద్రపు అంచు తెగిపోయి కోట్ల ఏళ్ళయింది. అక్కడ లాగే కొంగే లేదు. అయినా హైదరాబాద్ జీపీఎస్ స్టేషన్ ఏటా సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యానికి జరుగుతూనే ఉంది, ఎదురుగా టిబెట్ అడ్డున్నా.

పాత వేగం ఇంకా కష్టం. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కింద ఏటా 18 సెంటీమీటర్ల దాకా పోయింది. సరిగ్గా దక్కన్ లావా పొంగిన కాలం. ఆ లావా ఆనవాలు గోదావరి పక్కనే గౌరీపట్నం క్వారీల్లో కనిపిస్తుంది, రెండు నల్లరాతి పొరల మధ్య గవ్వలున్న సున్నపురాయి. 2011లో కాండీ, స్టెగ్మన్ చూపింది ఏమిటంటే, భారత్ వేగం పెరిగిన రోజుల్లోనే ఆఫ్రికా నెమ్మదించింది. రెండింటి మధ్య రీయూనియన్ వేడి స్తంభం (లోతు నుంచి లేచే వేడి రాతి స్తంభం, ఇప్పుడు హిందూ మహాసముద్రంలో రీయూనియన్ దీవి కింద ఉంది) తల పరుచుకుని చెరో పక్కకి నెట్టిందన్నది వాళ్ళ వాదన. స్లాబ్ లాగుడు ఒక్కటే అయితే ఆఫ్రికా ఎందుకు తగ్గాలి?

అగాధరేఖ:
గట్టి దెబ్బే. కానీ 18 సెంటీమీటర్లకు మరో జవాబు ఉంది. 2015లో జగౌట్జ్ బృందం భారత్‌కు ఉత్తరాన ఒకదాని వెనక ఒకటి రెండు మునిగే అంచులున్నాయని నమూనా కట్టింది. రెండు లాగుళ్ళు కలిస్తే ఆ వేగం వస్తుంది. అంతకుముందు 2007లో హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), జర్మనీ పరిశోధకులు కలిసి మన పలక మందం 100 కి.మీ. దగ్గరే అనీ, గోండ్వానా తోబుట్టువులది (ఒకప్పుడు భారత్‌తో ఒకే మహాఖండంగా ఉన్న ఖండాలది) 180 నుంచి 300 అనీ కొలిచారు. లోతైన వేళ్ళు లేని పలకకు కింది నుంచి పట్టు తక్కువ, కాబట్టి కొద్దిపాటి లాగుడుకే పరుగెడుతుంది. ఆఫ్రికా సంగతికి మాత్రం ఇందులో జవాబు లేదని ఒప్పుకుంటాను. ఇప్పటి 5 సెంటీమీటర్లకు కూడా కింది ప్రవాహాన్ని లెక్కలోకి తీసుకోక తప్పదు.

కడప_మాస్టారు:
భారత్ విషయంలో నా కింది ప్రవాహం నిలిచింది, పొయ్యి పోయింది. సరే. బీకరులో పర్మాంగనేట్ వేసి కింద మంట పెట్టే ప్రయోగం మరి మానేయాలా?

నల్లరేగడి:
సంవహనం అంటే ఏమిటో చూపడానికి ఉంచండి, భూమి నమూనా అని మాత్రం చెప్పకండి. భూమికైతే ఇలా చేయండి. గాజు తొట్టెలో 2 లీటర్ల నీళ్ళు, 40 డిగ్రీల దగ్గర. నీలి సిరా కలిపి గడ్డకట్టించిన ఐసు ముక్కలు నాలుగు ఒక చివర వదలండి. వాటిని వదిలే ముందు, నీళ్ళు పూర్తిగా నిలకడకు రావడానికి 5 నిమిషాలు ఆగాలి, లేకపోతే రంగు చెదిరిపోతుంది. నీలి తెర ఆ చివర నిలువుగా దిగి, అడుగున పాకి, అవతలి గోడ దాకా పోతుంది. మంట లేదు, కదిలించింది పైనున్న చల్లదనమే. నీళ్ళలో ఉప్పు ఉండకూడదు. ఉప్పు నీళ్ళ మీద కరిగిన మంచినీళ్ళు తేలిపోతాయి. పైన మిరియాల పొడి చల్లి "పలక జరుగుతోంది" అని చూపించే అలవాటొకటి ఉంది, అది వద్దు. చల్లటి నీటి తలతన్యత ఎక్కువ కాబట్టి పొడి ఎలాగూ ఐసు వైపే లాక్కుపోతుంది, దానికి సంవహనంతో పని లేదు.

బోర్డు మీద భూమి వ్యాసార్ధం మీటరు గీస్తే పలక మందం సెంటీమీటరున్నర, భూప్రావారం 45 సెంటీమీటర్లు. ఎర్ర సుద్దముక్క ఎక్కువ వాడకండి. నీలిదానితో మునిగే పలకను 700 కి.మీ. దగ్గర ఆపకుండా, కొన్నిచోట్ల కేంద్రం అంచుదాకా గీయండి. ఉత్తర అమెరికా కింద పాత సముద్రపు పలక ఫరల్లాన్ అలాగే దిగుతోంది.