సీతాఫలం గిన్నెకు బయట గ్లేజ్ వేయాలా, వద్దా? (నలుగురి చర్చ; ప్రతి మాట ముందున్నది రాసినవారి మారుపేరు)

బంకమన్ను: బాలానగర్ రకం సీతాఫలం ఆకారంలో చేత్తో చేసే పచ్చడి గిన్నె. గ్రాగ్ (కాల్చి నూరిన మట్టి గింజలు) కలిపిన స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడికి కాల్చే గట్టి రకం), గోడ మందం 7 మి.మీ., కాల్పు 1220 డిగ్రీలు. లోపల గ్లేజ్ (కాలిస్తే గాజులా మారే పూత) తప్పదు. బయట కళ్ళ (పండు మీది ఉబ్బుల) మీద కూడా వేయాలా? మన హైదరాబాద్ కుమ్మరుల్లోనే దీని మీద రెండు వర్గాలున్నాయి.

సారెలేని కుమ్మరి: వద్దే వద్దు. కరిగిన గ్లేజ్ ఉబ్బుల మీద పలచబడి, సందుల్లో పేరుకుంటుంది. అర మి.మీ. గీతలు కంటికి కనిపిస్తాయి గానీ వేలికి తగలవు. చేత్తో తడిమి చూడాల్సిన వస్తువుకి గాజు తొడుగు ఎందుకండీ? సందులు ముదురుగా కనిపించాలంటే ఐరన్ ఆక్సైడ్ నీళ్ళలో కొంచెం ఫ్రిట్ (కరిగించి పొడిచేసిన గాజు) కలిపి పూయండి, పైపైన తడి స్పాంజితో తుడిచేయండి. ఫ్రిట్ లేకపోతే కాల్చాక కూడా రంగు చేతికి అంటుకునే ప్రమాదముంది.

ఆవం దగ్గర: స్పర్శ సరే, గిన్నె నిలవాలి కదా. చల్లారేటప్పుడు గ్లేజ్ మట్టి కంటే తక్కువ ముడుచుకుంటే, లోపలి పూత గోడను బయటికి తోస్తుంది. ఆ పూత మందంగా, గోడ పలచగా ఉంటే గిన్నె నిలువునా చీలుతుంది. బట్టీలోంచి తీసిన కొన్ని రోజులకు కూడా చీలొచ్చు. బయట పలచగా మ్యాట్ (మెరుపులేని) గ్లేజ్ వేస్తే రెండు వైపులా ఒత్తిడి సరిపోతుంది. పైగా గ్లేజ్ లేని సందుల్లో నూనె జిడ్డు పడితే వదలదు.

సారెలేని కుమ్మరి: ఆ చీలికకు మందు లోపలి గ్లేజ్ పలచగా వేయడం, మట్టికి సరిపోయేది ఎంచుకోవడం. బయట పూయడం కాదు.

గరుకు: ఇద్దరూ గ్లేజ్ దగ్గరే ఆగిపోయారు. చేతికి గుచ్చుకునేది గ్రాగ్. మట్టి సగం ఆరాక తడి స్పాంజితో రుద్దితే మెత్తటి మట్టి కొట్టుకుపోయి గ్రాగ్ పైకి తేలుతుంది. స్పాంజి బదులు చెంచా వీపుతో నొక్కుతూ రుద్దండి, గింజలు లోపలికి దిగుతాయి. కాల్చాక మిగిలిన పదునును 220 నంబరు వాటర్ పేపర్‌తో, నీళ్ళలో ముంచుతూనే తీయాలి. పొడిగా రుద్దితే సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

కళ్ళను విడిగా చేసి అతికించడం కంటే, గోడ ఇంకా వంగే దశలో లోపలి నుంచి చెంచాతో ఉబ్బించడమే నయం. మందం ఒకేలా ఉంటుంది. అతికించినవి మన ఏప్రిల్, మే గాలికి గోడ కంటే ముందే ఆరి ఊడిపోతాయి. అతికించక తప్పదంటే రెండు వైపులా గీతలు గీసి, స్లిప్ (నీళ్ళలో కలిపిన పలచటి మట్టి) రాసి, ప్లాస్టిక్ కవరు కప్పి నాలుగైదు రోజులు నెమ్మదిగా ఆరనివ్వండి.

చివరగా నా మాట ఇది. బయట గ్లేజ్ వద్దు, కానీ ముందు మట్టి ఎంత నీళ్ళు పీలుస్తుందో పరీక్షించండి. అదే మట్టితో గ్లేజ్ లేని ముక్కను 1220కి కాల్చి తూచండి. ఐదు గంటలు నీళ్ళలో ఉడికించి, చల్లారాక తడి తుడిచి మళ్ళీ తూచండి. బరువు 3 శాతానికి మించి పెరిగితే ఆ మట్టితో పచ్చడి గిన్నె చేయకండి, అలంకారానికి వాడుకోండి.