తల్లి రాసిచ్చిన ఇల్లు, కొడుకు చూడట్లేదు: లైబ్రరీ కంప్యూటర్లో ఏం వెతకాలి?

రాజాం వాసి

మా వీధిలో 70 దాటిన పెద్దావిడ 2016లో ఇల్లు కొడుక్కి దానపత్రం రాసి రిజిస్టర్ చేయించారు. ఇప్పుడు అతను తిండీ పెట్టడు, మందులూ కొనడు. "సివిల్ కేసే గతి, ఏళ్లు పడుతుంది" అని భయపెడుతున్నారు. ఆవిడకు చదువు రాదు. లైబ్రరీ నెట్‌లో నేను ఏం చూసి పెట్టగలను? అర్జీ ఎవరికి?

కాగితాల పిచ్చి

సివిల్ కోర్టు దాకా వెళ్లక్కర్లేదండి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం, 2007 ఉంది. చట్టాలన్నీ ఉండే ప్రభుత్వ సైటు ఇండియా కోడ్‌లో ఇంగ్లిష్‌లో పేరు కొట్టి, 2007 సంవత్సరం, 56వ నంబరు చట్టం అని సరిచూసుకోండి. మొత్తం 32 సెక్షన్లే. 5, 9, 16, 17, 23 చదివితే చాలు.

దీని కింద ట్రైబ్యునల్ ఆర్డీవో దగ్గర ఉంటుంది. రాజాం 2022 ఏప్రిల్ 4 నుంచి విజయనగరం జిల్లా కాబట్టి మీకు చీపురుపల్లి ఆర్డీవో. పాత అలవాటుతో పాలకొండ, శ్రీకాకుళం తిరగకండి. ఆవిడ వెళ్లలేకపోతే, ఆవిడ అధికారమిచ్చిన మనిషి అర్జీ పెట్టొచ్చని 5వ సెక్షనే చెబుతోంది. కాబట్టి వేలిముద్రతో అధికార పత్రం రాయించుకోండి.

అర్జీలో రెండు కోరికలు విడివిడిగా రాయండి: నెలవారీ పోషణ, దానపత్రం రద్దు. రెంటినీ కలిపేసి "న్యాయం చేయండి" అని రాస్తే ఆఫీసులో దాన్ని పోషణ అర్జీగానే చూసి వదిలేసే ప్రమాదం ఉంది. పోషణ కింద చట్టం ప్రకారం నెలకు గరిష్ఠం 10,000. ఆర్డరు వచ్చాక కూడా కొడుకు కట్టకపోతే, బకాయి పడ్డ నాటి నుంచి 3 నెలల్లోపు మళ్లీ ట్రైబ్యునల్‌కు చెప్పాలి. ఆ గడువు దాటితే ఆ బకాయి వసూలుకు వారంటు అడగలేరు. చాలామంది ఇక్కడే నష్టపోతారు.

నకలు ముందు

అసలు సంగతేటంటే, దానపత్రం రద్దుకు వీలిచ్చే 23వ సెక్షన్ పనిచేయాలంటే "నన్ను పోషించాలి" అన్న షరతుతో ఆస్తి ఇచ్చి ఉండాలి. ముందు ఆ దానపత్రం నకలు తీయండి. రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) చూస్తే డాక్యుమెంటు నంబరు, సంవత్సరం దొరుకుతాయి. వాటితో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ అడగండి. "జీవితాంతం పోషించే బాధ్యత" లాంటి మాట కోసం వరుస వరుసా చదవండి.

2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా వర్సెస్ రామ్తీ దేవి కేసులో, షరతు ఉందని అర్జీలోనే రాయలేదని సుప్రీంకోర్టు రద్దును ఒప్పుకోలేదు. అదే 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో, దానం రోజునే కొడుకు రాసిచ్చిన హామీ పత్రాన్ని కూడా లెక్కలోకి తీసుకుని తల్లి వైపు చెప్పింది. అందుకని పత్రంలో మాట కనపడకపోతే వెంటనే ఆశ వదులుకోకండి, విడిగా రాసిన కాగితం ఏదైనా ఉందేమో పెట్టెలన్నీ వెతికించండి. తీర్పులు సుప్రీంకోర్టు తీర్పుల సైటు డిజిటల్ ఎస్‌సీఆర్‌లో ఉచితం.

శాఖా గ్రంథాలయం

కంప్యూటర్ సంగతి. శాఖా గ్రంథాలయాలకు శుక్రవారం సెలవు, పొద్దున సాయంత్రమే తెరుస్తారు. నెట్, ప్రింటరు ఉన్నాయో లేదో ముందే అడగండి. లేకపోతే విజయనగరం జిల్లా కేంద్ర గ్రంథాలయమే. లైబ్రేరియన్ సైటు చూపిస్తారు గానీ "గెలుస్తారా" అన్నది వాళ్లను అడగొద్దు.

ప్రైవేటు విండోలో తెరవండి. ఓటీపీ అడిగే చోట ఆవిడ ఫోను పక్కనుండాలి. లేవబోయే ముందు లాగవుట్ చేసి, డౌన్‌లోడ్ ఫోల్డరులోంచి ఆధార్, దానపత్రం స్కానులు తీసేయండి. మరో మనిషి వచ్చి కూర్చునే కుర్చీ అది!

రాజాం వాసి

లాయరు వద్దా మరి?

కాగితాల పిచ్చి

17వ సెక్షన్ ప్రకారం ఆ ట్రైబ్యునల్ ముందు లాయరు వాదించకూడదు. అయితే అర్జీ సరిచూడడానికి ఉచిత సలహా తీసుకోవచ్చు. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీకి ఆదాయంతో పని లేకుండానే ఉచిత సాయం అందుతుంది. నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) నంబరు 15100, లేదా జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

అర్జీ ఇచ్చిన రోజున రసీదు, తేదీ ముద్ర వేయించుకోండి. కొడుక్కి నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి, కారణం రాసి ఇంకో 30 పొడిగించొచ్చు. నోటీసు అందిన తేదీ మీ దగ్గర లేకపోతే ఆలస్యమైందని నిరూపించలేరు. ఆర్డీవో కాదంటే 60 రోజుల్లోపు కలెక్టరుకు అప్పీలు. ఇంకోటి, ఈ-కోర్ట్స్ సైటులో ఈ అర్జీ కోసం వెతకకండి. అక్కడ కేసును గుర్తించే సీఎన్‌ఆర్ నంబరు (అక్షరాలు, అంకెలు కలిపి 16) కోర్టు కేసులకే.