అప్‌డేట్: అమ్మానాన్నలతో టోక్యో నుంచి ఒక్కరోజు కొండ, శాకాహార భోజనం

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు, అదీ శాకాహారులకు, టోక్యో దగ్గర ఏ కొండ బాగుంటుందని అడిగాను కదా. తకావో (599 మీటర్లు) అన్నవాళ్ల మాటే ఖాయమైంది.

షిన్‌జుకులో కేయో లైన్ ఎక్కితే గంటలోపే కొండ కింది స్టేషన్ తకావోసాన్‌గుచి. హచియోజి వైపు వెళ్లే రైలు వస్తే కితానోలో మారాలి. కేబుల్ కార్ దిగాక 1వ నంబరు దారి సిమెంటు బాటే. 108 మెట్ల దగ్గర ఎడమా కుడీ చూసుకోండి, పక్కనే మెట్లు లేని వాలు దారి ఉంది. వాగు వెంట సాగే 6వ నంబరు దారే అందం, కానీ పైన రాళ్ల మీద నీళ్లలో నడవాలి. పెద్దవాళ్లకు వద్దు.

అసలు చిక్కు తిండిది. ఇక్కడి ప్రత్యేకం తొరోరో సోబా: తురిమిన జిగురు కంద వేసిన సోబా నూడుల్స్. ముంచుకునే రసంలో ఎండుచేప మరిగించిన దాషి ఉంటుంది, చాలాచోట్ల కందలోనూ ముందే కలిపేస్తారు. "చేప వద్దు" అంటే ముక్కలు వేయరు, అంతే. దాషిని వాళ్లు చేపగా లెక్కేయరు. అందుకే కంద, రసం వద్దని చెప్పి చల్లటి ఉత్త సోబా తీసుకోవడం నయం. బ్యాగులో చిన్న సోయాసాస్ సీసా పెట్టుకోండి, వసాబి అనే ఘాటు ముద్దతో సరిపోతుంది. చివర్లో ఇచ్చే సోబా ఉడికించిన నీళ్లు, మన గంజిలాగే, ఉత్తగా తాగొచ్చు. నిండు భోజనం కావాలంటే కొండ మీది యకువోయిన్ గుడిలో షోజిన్ (బౌద్ధ సన్యాసుల శాకాహార) భోజనం ఉంది, ముందే బుక్ చేయాలి; దాషి సంగతి అప్పుడే అడగండి.

చెత్తబుట్టలు దొరకవు, ఒక కవరు ఉంచుకోండి.