1866 ఆరణాల ఫారిన్ బిల్, ‘పోస్టేజ్’ ఓవర్‌ప్రింట్: పాత సర్టిఫికెట్ నమ్మి పాట పాడొచ్చా?

ఊదా_ఆణా:
వచ్చే నెల వేలంలో ఒక లాటు ఉంది. విక్టోరియా రాణి ఆరణాల ఫారిన్ బిల్ (విదేశీ హుండీల) రెవెన్యూ స్టాంపు, పైనా కిందా కత్తిరించి ఆకుపచ్చ సిరాతో ‘పోస్టేజ్’ అని కొట్టినది. వాడనిది, జిగురు లేదు, వెనక చిన్న థిన్ (కాగితం పలచబడిన చోటు) ఉందని కేటలాగులో రాశారు. అసలుదని నిపుణుల కమిటీ ఇచ్చిన 1970ల నాటి సర్టిఫికెట్ ఉంది, ఫోటో నలుపు తెలుపు. కొనేవాళ్ళ ప్రీమియం 20 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపి లక్ష దాటకూడదు. ఎంతవరకు వెళ్ళాలి? ఆ సర్టిఫికెట్ సరిపోతుందా?

వేలంపాట:
హ్యామర్ (పాట ఆగిన ధర) 80,000 అయితే ప్రీమియం 16,000, దాని మీద జీఎస్టీ 2,880, మొత్తం 98,880. స్టాంపు మీద పన్ను, కొరియర్, బీమా వేరేగా వేస్తారేమో షరతులు చదవండి, వేసేటట్టయితే 75,000 దగ్గరే ఆగాలి. రాతపూర్వకంగా గరిష్ఠం ఇచ్చి వదిలేయండి. పాట పెరిగే మెట్టు 5,000 అనుకుంటే, అవతలివాడు 60 దగ్గర ఆగిపోతే మీకు 65కే పడుతుంది. హాల్లో కూర్చుంటే చెయ్యి ఊరుకోదు. సర్టిఫికెట్ ఉందిగా, ఇంకేం అనుమానం?

కొలబద్ద:
ఆయనకి లేకపోతే పోయె, నాకుంది. 1866లో ఆరణాల తపాలా స్టాంపు అవసరం పడి, ఫారిన్ బిల్ స్టాంపులకే పైనా కిందా అక్షరాల పట్టీలు కోసేసి ఓవర్‌ప్రింట్ వేయించారు. అంటే అసలుదానికే కత్తెర పడింది. దొంగకి ఇంతకన్నా సుఖం ఏముంది? బిల్లు మీద అంటించి పెన్నుగీత కొట్టిన మామూలు ఫారిన్ బిల్ స్టాంపు తెస్తాడు. గీత అంచుల్లో ఉంటే కత్తెరతోనే పోతుంది, మధ్యలో ఉంటే మందు పెట్టి కడుగుతాడు. ఆపైన ఆకుపచ్చ ముద్ర వేస్తాడు, అంతే.

వేలానికి ముందు చూపించే రోజున వెళ్ళండి. 365 నానోమీటర్ల లైటు కింద పెడితే, కడిగిన చోట కాగితం చుట్టుపక్కలకన్నా వేరేగా మెరుస్తుంది, లేదా పాత ఇనప సిరా గీత నల్లటి నీడలా పైకి తేలుతుంది. పక్కల పర్ఫరేషన్ (రెండు సెంటీమీటర్లకి పళ్ళ లెక్క) 14 రావాలి. ఓవర్‌ప్రింట్ గీతల అంచులు పది రెట్ల భూతద్దంలో చూడండి. నీళ్ళు మాత్రం తగలనివ్వకండి, ఆ కాలపు ఊదా రంగులను నమ్మలేం. వాటర్‌మార్క్ చూసే ద్రవంలో ముంచాలంటే సంస్థ అనుమతి అడగాలి.

పర్ఫ్_పంతులు:
ఓవర్‌ప్రింట్ పడ్డాక అది తపాలా స్టాంపు. ఈ ఫోరం రెవెన్యూ విభాగంలో ఈ చర్చ ఎందుకు?

వేలంపాట:
కొలబద్ద గారూ, భయపెట్టడం తేలిక. లండన్ రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ కమిటీయో, బీపీఏ (బ్రిటిష్ ఫిలాటెలిక్ అసోసియేషన్) కమిటీయో చూసి అసలుదన్నాక మీ లైటు ఏం తేలుస్తుంది?

కొలబద్ద:
1970ల్లో చూసింది ఈ స్టాంపునేనని ఎవరు చెప్పారు? నలుపు తెలుపు ఫోటోలో ఆకుపచ్చ కనపడదు. ఫోటోని పెద్దది చేసి, ఎడమ పక్క పళ్ళు పైనుంచి ఒక్కొక్కటే లాటు బొమ్మతో సరిపోల్చండి: పొట్టి పన్ను ఎక్కడుందో, కత్తెర కోత ఏ మూల వంగిందో. సర్టిఫికెట్‌లో థిన్ ప్రస్తావన ఉందా ఊదా_ఆణా గారూ?

ఊదా_ఆణా:
లేదండీ. ‘అసలుది’ అని ఒక్క ముక్కే ఉంది.

కొలబద్ద:
చూశారా! థిన్ తర్వాత పడిందో, స్టాంపే మారిందో.

దస్తావేజు:
వాడిన కోర్టు ఫీజు స్టాంపులతో ఈ తలనొప్పి తక్కువ. 1870 కోర్టు ఫీజుల చట్టం 30వ సెక్షన్ ప్రకారం బొమ్మ తలకి పంచ్ కొట్టాలి, విలువ రాసిన చోటు ముట్టకూడదు. ఆ కన్నం పూడ్చి ‘వాడనిది’ అని అమ్మేవాళ్ళూ ఉన్నారు. వెనక దీపం పెడితే అతుకు బయటపడుతుంది.

పర్ఫ్_పంతులు:
మోడరేటర్ గారూ, విభాగం మార్చండి.

వేలంపాట:
పంతులు గారూ, మీరు కాసేపు కూర్చోండి. కొలబద్ద గారూ, మీలాంటి వాళ్ళవల్లే కొత్తవాళ్ళు మంచి లాట్లు పోగొట్టుకుంటున్నారు. పోటీ తగ్గితే మీరు పాడదామనా?

కొలబద్ద:
తమరు వేలం ఏజెంటు అని ఇక్కడ అందరికీ తెలుసు. లాటు కొంటేనే తమ కమీషన్, మానేస్తే సున్నా. ‘సర్టిఫికెట్ ఉందిగా’ అనక ఇంకేమంటారు? నాకు ఒక సంస్థ ఇలాగే అంటగట్టింది. కమిటీ ‘అభిప్రాయం చెప్పలేం’ అని తిప్పి పంపితే, ‘నకిలీ అనలేదుగా’ అని డబ్బు ఎగ్గొట్టారు.

వేలంపాట:
ఇప్పుడొచ్చింది అసలు సంగతి. మీ గొడవ ఈ స్టాంపు గురించి కాదు, తిప్పి పంపే హక్కు గురించి. ఎక్స్‌టెన్షన్ (కొన్నాక కమిటీకి చూపించుకునే గడువు) పేరుతో నెలల తరబడి స్టాంపు దగ్గర పెట్టుకుని, ఈలోగా ఇంకోటి చవగ్గా దొరికితే సాకు వెతికి తిప్పి పంపేవాళ్ళు లేరా? అమ్మిన మనిషి డబ్బు అన్నాళ్ళూ ఇరుక్కుపోతుంది. ఆయన గోడు మీకు పట్టదు.

కొలబద్ద:
ఆ మనిషికి దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిసే అవకాశం ఉంది. కొనేవాడికి చేతిలో పది నిమిషాలు, ఒక భూతద్దం. అనుమానం ఖరీదు ఎవరు కట్టాలి మరి?

దస్తావేజు:
ఇద్దరూ కాస్త ఆగండి. చాలా షరతుల్లో ‘నకిలీ’ అని తేలితేనే వాపసు. ‘అభిప్రాయం చెప్పలేం’ అంటే లాటు కొన్నవాడి నెత్తినే. కాబట్టి ఎక్స్‌టెన్షన్ కావాలని సంస్థకి ఉత్తరం వేలానికి ముందే పంపాలి. ఏ కమిటీకి పంపుతారో, గడువు ఎన్నాళ్ళో, ఫీజు ఎవరిదో రాసి, ‘కమిటీ నిర్ణయం చెప్పలేకపోయినా వాపసు’ అనే వాక్యం చేర్చండి. సంస్థ ఒప్పుకున్నట్టు జవాబు చేతికి రాకుండా పాడొద్దు. ఫోన్లో ‘సరేనండీ’ అంటే లెక్కలోకి రాదు.

ఊదా_ఆణా:
మెయిల్ పెట్టాను. సర్టిఫికెట్ ఉన్న లాటు కాబట్టి ఎక్స్‌టెన్షన్ ఇవ్వరట. వచ్చి చూసుకోవచ్చు, సొంత లైటు తెచ్చుకోవచ్చు అన్నారు.

కొలబద్ద:
అయితే పళ్ళు ఫోటోతో సరిపోయి, లైటు కింద శుభ్రంగా ఉంటేనే పాడండి. ఏ ఒక్కటి తేడా కొట్టినా అది మామూలు ఫారిన్ బిల్ స్టాంపు అనుకుని, ఆ ధర మీద నాలుగు రాళ్ళు ఎక్కువ రాసి పంపండి.

వేలంపాట:
ఆ ధరకి లాటు జన్మలో రాదు.

కొలబద్ద:
రాకపోతే రానీండి.