ఐస్ నైఫ్ మంత్రానికి క్రిటికల్ పడితే పేలుడు కూడా రెట్టింపవుతుందా?

డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలతో ఆడే పాత్రల ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్‌తో ఆడుతున్నాం. అటాక్ రోల్‌లో (దాడి తగిలిందో లేదో తేల్చే పాచికలో) 20 పడితే క్రిటికల్, అంటే డ్యామేజ్ డైస్ రెట్టింపు, మాడిఫయర్ (పైన కలిపే అంకె) మాత్రం ఒక్కసారే. ఫైర్‌బాల్ మంత్రానికి అటాక్ రోలే లేదు కాబట్టి క్రిటికల్ ఊసే రాదు. అంతవరకూ గొడవ లేదు.

చిక్కంతా ఐస్ నైఫ్‌తోనే. అటాక్ తగిలితే 1డీ10 (పది ముఖాల పాచిక ఒకటి) డ్యామేజ్. తగిలినా తగలకపోయినా మంచు ముక్క పేలుతుంది. టార్గెట్‌తో పాటు ఐదడుగుల లోపు ఉన్నవాళ్లంతా డెక్స్‌టెరిటీ సేవ్ (తప్పించుకోవడానికి వేసే పాచిక) వేయాలి, ఫెయిలైతే 2డీ6.

నిన్న మా విజర్డ్‌కి 20 పడింది. గాబ్లిన్‌కి 2డీ10 ఇచ్చాం. పేలుడుకి కూడా 4డీ6 వేస్తానని అతని పట్టు. అది సేవ్ కిందకొస్తుంది, కుదరదని డీఎంగా (ఆట నడిపే వ్యక్తిగా) నా వాదన. (గాబ్లిన్ ఎలాగూ చచ్చింది, పేచీ దాని పక్కనే ఉన్న గాబ్లిన్ల నాయకుడి గురించి!) మీ టేబుల్‌లో ఎలా లెక్కేస్తారు? రూల్‌బుక్‌లో దీన్ని తేల్చే వాక్యం ఏదైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.