ఫ్లోరైడ్ ఇంటర్న్‌షిప్: 60 బోర్లు ఒక్కసారా, 15 బోర్లు వారం వారమా? (మారుపేర్లతో చర్చ)

విద్యార్థి: ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్. మే, జూన్‌లో ఇంటర్న్‌షిప్. నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు మండలాల బోర్లలో ఫ్లోరైడ్ కొలవాలె. 60 బోర్ల నీళ్ల శాంపిళ్లు ఒక్కసారే తీయాల్నా, 15 బోర్లనే వారం వారం చూడాల్నా?

బోరుబండి: అరవై తియ్యి తమ్ముడూ. గ్రానైటుల నీళ్లు పగుళ్లలోనే ఉంటయి. పక్కపక్క బోర్లకే పొంతన ఉండదు, పదిహేనుతో ఏం తేలుతది?

నీటిలెక్క: పొంతన ఉండదు కాబట్టే లోతు రాయని 60 చుక్కల మ్యాపు గోడకు తగిలించుకోవడానికే. తక్కువ బోర్లు తీసుకో. మోటరు పది నిమిషాలు నడిచాక పాలిథీన్ సీసాలో పట్టు, గాజు వద్దు. పీహెచ్, ఈసీ (విద్యుత్ వాహకత) అక్కడే చూడు. కాల్షియం, బైకార్బొనేట్ తప్పనిసరి. కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దాంతో కలిసి అడుగుకు దిగుతుంది. కాల్షియం తక్కువై, బైకార్బొనేట్ ఎక్కువైన నీళ్లలోనే ఫ్లోరైడ్ పెరుగుతుంది. ఇవి కొలవకపోతే ఎంతుందో తెలుస్తుంది, ఎందుకుందో తెలియదు.

బోరుబండి: కాల్షియం సంగతి ఒప్పుకుంట. వారం వారం మాత్రం దండగ. వానలు పడేదాక నాలుగు రీడింగులూ ఇంచుమించు ఒకటే పాట. తేడా కావాల్నంటే నవంబరుల మళ్ల తియ్యాలె.

ల్యాబుమూల: బోర్ల లెక్క తర్వాత. తప్పు దొర్లేది ఫ్లోరైడ్ కొలిచే ఎలక్ట్రోడ్ దగ్గర. 25 మి.లీ. నీళ్లకు 25 మి.లీ. టీసాబ్ (శాంపిళ్లన్నిటి పీహెచ్, అయాన్ల బలం సమానం చేసే ద్రావణం), స్టాండర్డ్‌లకూ (ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలు) అంతే. స్లోప్, అంటే ఫ్లోరైడ్ పదింతలు మారితే వచ్చే తేడా, 54–60 మిల్లీవోల్టుల మధ్య రాకపోతే రీడింగు మొదలుపెట్టొద్దు. ఎండన వచ్చిన సీసాలు ఏసీ గది వేడిమికి వచ్చేదాకా ఆగాలి. ప్రతి పది శాంపిళ్లకూ 1.0 (లీటరుకు మి.గ్రా.) స్టాండర్డ్ మళ్లీ చూడాలి. 2 మిల్లీవోల్టులు జారితే సుమారు 8 శాతం తేడా, 1.4 కాస్తా 1.51 అవుతుంది. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 గరిష్ఠ పరిమితి 1.5 కదా, మంచి బోరు చెడ్డదైపోయినట్టే.

విద్యార్థి: ఎలక్ట్రోడ్ దొరక్కపోతే స్పాడ్న్స్ (రంగు మార్పుతో ఫ్లోరైడ్ కొలిచే పరీక్ష) చాలదా సార్?

ల్యాబుమూల: చాలుతుంది, కాకపోతే 1.4 దాటితే పలచన చేసి మళ్లీ చూడాలి. నల్లగొండ టెక్నిక్‌తో పటిక, సున్నం వేసి శుద్ధి చేసిన నీళ్లకు మాత్రం నేరుగా వాడొద్దు. మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టేసుకుని తక్కువ చూపిస్తుంది. ముందు డిస్టిల్ చేయాలి.

నీటిలెక్క: సరే, 30 బోర్లు, ఒక్కసారి. కానీ లోతు తెలియని బోరు లిస్టులోంచి తీసెయ్.

బోరుబండి: ముప్పైకి నేనొప్పుకోను. లోతు ఎందుకు తెల్వది? బోరు బండికి అడుగు లెక్కన పైసలు కట్టిన రైతు దాన్ని మరుస్తడా, అడిగి రాసుకోరాదు!